గుట్టు ఎవరి దగ్గరుంది? పాత సాహస నవలల గురించి ఒక పాఠకుడికి జవాబు

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇది: ‘ది కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో’, ‘ది త్రీ మస్కటీర్స్’, ‘ది ప్రిజనర్ ఆఫ్ జెండా’, ‘ది థర్టీ నైన్ స్టెప్స్’ ఈ వేసవిలో వరసగా చదివారు. మొదటిదానిలో జైలు భాగం మిమ్మల్ని పుస్తకం కింద పెట్టనివ్వలేదు, కథ పారిస్ చేరాక చప్పబడింది. రెండోదానిలో వీరులనుకున్నవాళ్ల నడత చూసి మనసు విరిగింది. మూడోదాని ముగింపు మింగుడు పడలేదు. నాలుగోదానిలో అడుగడుగునా కాకతాళీయమే. అందరూ క్లాసిక్కులని మెచ్చుకునే పుస్తకాలు కదా, లోపం నాలో ఉందా, వాటిలోనే ఉందా, ఇకముందు ఏమి చదవాలి అని అడిగారు.

లోపం మీలో లేదు. నాలుగు పుస్తకాల్లోనూ మీరు తప్పుపట్టిన చోట్లు సరైనవే. కాకపోతే ఆ చోట్లను మరో వైపు నుంచి చూస్తే అవే పుస్తకాలు ఇంకొంచెం ఎక్కువ ఇస్తాయని నా నమ్మకం.

నేను చాలాకాలం ఒక వారపత్రికలో సీరియళ్లు చూసే పని చేశాను. రచయిత పంపిన భాగాన్ని చదివి, ఎక్కడ ఆపి ‘సశేషం’ వేయాలో తేల్చడం అందులో పెద్ద పని. హీరో మెడ మీద కత్తి పెట్టి ఆపేస్తే పాఠకులు వారమంతా తహతహలాడతారని కొత్త రచయితలు అనుకుంటారు. అదేమీ ఉండదు. హీరో చావడని పాఠకుడికి ముందే తెలుసు. అదే ఒక ఉత్తరం చేరకూడని మనిషి చేతికి చేరిన చోట ఆపితే, మరుసటి వారం ఆఫీసుకు కట్టలకొద్దీ జాబులు వచ్చేవి. ఈ రకం నవలల్లో కత్తులూ గుర్రాలూ పైకి కనిపించే హంగు. లోపల కథను లాగేది గుట్టు. ఎవరికి ఏమి తెలుసు, ఎవరికి తెలియదు, తెలిసినవాడు ఎందుకు నోరు విప్పలేకపోతున్నాడు? ఈ లెక్క మారుతున్నంతసేపు పుస్తకం కదులుతుంది, ఆగిపోగానే మీకు ఆవులింత వస్తుంది. పారిస్‌లో మీకు వచ్చిన ఆవులింతకు కారణం ఇదే.

మాంటీ క్రిస్టో మొదలును ఈ లెక్కతో మళ్లీ చూడండి. 1815 ఫిబ్రవరి 24న ఫారాన్ అనే ఓడ మార్సెయ్ రేవుకు వస్తుంది. పంతొమ్మిదేళ్ల ఎడ్మండ్ డాంటెస్ చేతిలో, నెపోలియన్ ప్రవాసంలో ఉన్న ఎల్బా దీవి నుంచి తెచ్చిన ఒక ఉత్తరం ఉంది. అందులో ఏముందో అతనికి తెలియదు. అతని ఉద్యోగం మీద కన్నేసిన డాంగ్లార్ ఎడమచేత్తో ఆకాశరామన్న ఉత్తరం రాస్తాడు. అతని ప్రియురాలి మీద కన్నేసిన ఫెర్నాన్ దాన్ని పంపిస్తాడు. పక్కనే తాగి కూర్చున్న కాడెరూస్ అంతా చూసి కూడా మాట్లాడడు. న్యాయాధికారి విల్ఫోర్ డాంటెస్‌ను వదిలేయబోతూ, ఆ ఉత్తరం తన కన్నతండ్రికే వచ్చిందని తెలుసుకుని దాన్ని కాల్చేస్తాడు. చుట్టూ ఉన్న నలుగురి దగ్గరా గుట్టు ముక్కలు ముక్కలుగా ఉంది, ఒక్క డాంటెస్‌కే ఏమీ తెలియదు. పద్నాలుగేళ్లు షాటో దీఫ్ కోటలో మగ్గుతాడు, ఎందుకో తెలియకుండానే.

అప్పుడు పక్క కొట్టులోని ముసలి ఫాదర్ ఫరియా, ఏ ఆధారమూ చేతిలో లేకుండా, డాంటెస్ చెప్పిన సంగతులనే అటూ ఇటూ తిప్పి అడిగి, నీ చెరవల్ల లాభపడింది ఎవరు అన్న ఒక్క ప్రశ్నతో కుట్ర మొత్తం విప్పేస్తాడు. డిటెక్టివ్ కథ పుట్టి నాలుగైదేళ్లయినా కాని రోజుల్లో రాసిన అధ్యాయం ఇది. నా లెక్కలో పుస్తకం మొత్తానికి ఇదే శిఖరం. వెంటనే ఫరియా, చెప్పకుండా ఉండవలసిందని బాధపడతాడు. శిష్యుడికి అంతవరకు లేని పగను తానే అందించానని అతనికి అర్థమవుతుంది.

ఈ ఫరియా పేరు వెనక మనకు దగ్గరి సంగతి ఒకటి ఉంది. నవలలో ఆయన ఇటలీ పండితుడు. కానీ అదే పేరుతో నిజంగా ఉన్న మతాచార్యుడు గోవాలోని కాండోలిమ్‌లో 1756లో పుట్టి, పారిస్‌లో మనుషులను నిద్రావస్థలోకి పంపే ప్రయోగాలు చేసి పేరు పొంది, 1819లో అక్కడే పోయాడు. ఒక స్త్రీని నిద్రపుచ్చుతున్నట్టున్న ఆయన విగ్రహం పణజీలో ఇప్పటికీ ఉంది. గోవా వెళితే చూడండి.

మీకు అంతగా నచ్చిన ఈ జైలు భాగం అసలు ఉండేదే కాదేమో. మీరు చదివిన మొదటి రెండు నవలల రచయిత అలెగ్జాండర్ డ్యూమా ఈ కథను రోమ్‌లో, కౌంట్ ధనవంతుడై వచ్చాక మొదలుపెట్టాలనుకున్నాడు. మార్సెయ్, జైలు వగైరాలను గతం కింద క్లుప్తంగా చెబితే చాలుననుకున్నాడు. ఆయనతో కలిసి పనిచేసిన ఓగుస్త్ మాకే, అసలు కథ అదే కదా, దాన్ని పూర్తిగా రాయాలని పట్టుబట్టాడు. తర్వాత ఆ మాకే కోర్టుకెక్కితే డబ్బు దక్కింది కానీ అట్ట మీద పేరు దక్కలేదు. ఘోస్టు రాతగాళ్ల గురించి మన పత్రికా ప్రపంచంలోనూ కథలు తక్కువేమీ కాదు, ఆ సంగతి మరోసారి.

జైలు పేజీలకు ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చిందన్నది వేరే ప్రశ్న. డ్యూమా తండ్రి ఫ్రెంచి సైన్యంలో జనరల్. ఇప్పటి హైతీలో ఒక బానిస స్త్రీకి పుట్టి ఆ స్థాయికి ఎదిగినవాడు. ఈజిప్టు నుంచి తిరిగి వస్తూ నేపుల్స్ రాజ్యానికి బందీగా చిక్కి దాదాపు రెండేళ్లు చెరలో ఉండి, ఆరోగ్యం పాడై వచ్చి, కొడుక్కి నాలుగేళ్లయినా నిండకముందే 1806లో చనిపోయాడు. కొడుకు ఆ కథ ఇంట్లో ఎన్నిసార్లు విని ఉంటాడో ఊహించవచ్చు.

ఇక పారిస్. డాంటెస్ బయటపడి, నిధి సంపాదించి, ఏళ్లపాటు సమాచారం కూడబెట్టి 1838లో కౌంట్‌గా దిగుతాడు. ఇప్పుడు అతనికి అన్నీ తెలుసు, డబ్బుకు కొదవ లేదు, ఎవరూ అతణ్ణి ఏమీ చేయలేరు. అన్నీ తెలిసిన మనిషి గురించి మనకు బెంగ ఎందుకు ఉంటుంది? మీరు పారిస్‌లో కూడా డాంటెస్‌నే చూస్తూ కూర్చున్నారు కనుక చప్పగా అనిపించింది. చూపు మార్చి, తెలియనివాళ్లను చూడండి. తాను భోంచేస్తున్నది ఎవరి ఇంట్లోనో తెలియని విల్ఫోర్. తన తండ్రి నిర్దోషి అని మనస్ఫూర్తిగా నమ్మే ఆల్బర్ట్, ఫెర్నాన్ కొడుకు. వీళ్లందరి మధ్యా డాంటెస్ పాత ప్రియురాలు, ఇప్పుడు ఫెర్నాన్ భార్య అయిన మెర్సెడెస్ ఒక్కతే కౌంట్‌ను గొంతు వినగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టి పైకి అనలేదు. ఆమె ఉన్న ప్రతి సన్నివేశాన్నీ ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి. తన ఇంట్లో కౌంట్ పచ్చి మంచినీళ్లయినా ముట్టడం లేదని ఆమె గమనించే చోటు, రెండోసారి చదివినప్పుడు వెన్ను జలదరించింది.

టెలిగ్రాఫ్ అధ్యాయాన్ని కూడా మీరు పరుగెత్తించి ఉంటారని అనుమానం. కరెంటు తంతికి ముందు ఫ్రాన్సులో గుట్టల మీద గోపురాలు కట్టి, వాటిమీద చెక్కచేతులు తిప్పుతూ ఒక గోపురం నుంచి మరో గోపురానికి ప్రభుత్వ వార్తలు పంపేవారు. 1794 నుంచి నడిచిన వ్యవస్థ అది. మధ్యలో కూర్చున్న ఉద్యోగికి తాను పంపే వార్త అర్థం తెలియదు, పక్క గోపురం ఎలా కదిలితే తానూ అలా కదపాలి, అంతే. కౌంట్ అలాంటి ఒకడి దగ్గరికి వెళతాడు. వాడి లోకమంతా ఒక చిన్న తోట, దాని పండ్లు తినిపోయే ఎలుకలు. వాడికి పింఛనుకు మించిన డబ్బిచ్చి ఒక తప్పుడు వార్త కదిపిస్తాడు. స్పెయిన్ బాండ్లు పడిపోతాయని భయపడి డాంగ్లార్ అమ్ముకుంటాడు, మర్నాడు వార్త అబద్ధమని తేలుతుంది. ఇది గాలిలోంచి పుట్టింది కాదు. 1830ల్లో బోర్డో నగరంలో ఇద్దరు అన్నదమ్ములు సరిగ్గా ఇలాగే టెలిగ్రాఫ్ ఉద్యోగికి లంచమిచ్చి బాండ్ల వ్యాపారంలో సంపాదించి కోర్టు దాకా వెళ్లారు. డ్యూమా తొలి పాఠకులకు అది నిన్నమొన్నటి వార్త.

కౌంట్‌కు అన్నీ తెలుసన్న ధీమా కూలే చోట పుస్తకం మళ్లీ లేస్తుంది. విల్ఫోర్ అతణ్ణి చెయ్యిపట్టి లాక్కెళ్లి, విషంతో పోయిన భార్యనూ పసివాడినీ చూపిస్తాడు. ఆ పిల్లవాడి చావు కౌంట్ లెక్కలో లేదు. అప్పటిదాకా దేవుడి తరఫున పనిచేస్తున్నానని నమ్మినవాడు, తనకు తెలియనిది ఒకటి ఉందని మొదటిసారి తెలుసుకుంటాడు. ఆ తర్వాతి పేజీల్లో మీకు ఆవులింత వచ్చి ఉండదు.

ప్రతి గురించి ఒక మాట. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఇంగ్లిషు ప్రతులు ఎక్కువభాగం 1846 నాటి అనువాదం నుంచి వచ్చినవి. దాన్ని చేసినవారు అప్పటి ఇంగ్లండు మర్యాదకు జడిసి, హషీష్ మత్తు కలలనూ, డాంగ్లార్ కూతురు యూజెనీకి తన స్నేహితురాలితో ఉన్న అనుబంధాన్నీ బాగా పలుచన చేశారు. 1996లో రాబిన్ బస్ చేసిన అనువాదం పూర్తిది, భాష కూడా ఇప్పటిది. సంక్షిప్త ప్రతులు ముందుగా రోమ్ భాగాన్నే నరుకుతాయి. ఈ పుస్తకాన్ని సగం చదివి వదిలేసినా నాకు అభ్యంతరం లేదు, సంక్షిప్త ప్రతిని పూర్తిగా చదవడం మాత్రం దండగ.

మస్కటీర్ల సంగతికి వద్దాం. ఇక్కడ నేను పూర్తిగా మీ పక్షం. కథానాయకుడు దార్తన్యాన్ ఇంటి యజమానికి అద్దె కట్టడు, పైగా అతని భార్య వెంటపడతాడు. పోర్తోస్ ఒక ప్లీడరు భార్య డబ్బుతో బతుకుతాడు. నౌకర్లను తన్నడం వీళ్లకు మామూలు. చీకట్లో మరొకడిలా నటించి, ఫ్రాన్సు ప్రధానమంత్రి రిషెల్యూ తరఫున పనిచేసే మిలేడీ పడకగదికి చేరిన దార్తన్యాన్‌ను ఈ కాలపు పాఠకుడు క్షమించలేడు, క్షమించనక్కర్లేదు కూడా. చివరికి నౌకర్లు, తలారితో కలిపి పది మంది మగవాళ్లు అర్ధరాత్రి ఒక ఆడదాన్ని చుట్టుముట్టి, తామే న్యాయమూర్తులై తల తీయిస్తారు. ఆమె ఘోరాలు చేసిందన్నది నిజమే, దార్తన్యాన్ ప్రేమించిన ఆ ఇంటి యజమాని భార్య కాన్‌స్టాన్స్‌ను విషం పెట్టి చంపింది. అయినా ఆ సన్నివేశం చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. డ్యూమాకు కూడా అలాగే అనిపించిందని నా ఊహ. దార్తన్యాన్‌తోనే ఆ క్షణంలో వద్దు, చూడలేనని అనిపిస్తాడు. తర్వాతి నవలలో ఆమె కొడుకును పగ తీర్చుకోవడానికి దింపి, ఆ రాత్రి లెక్క తీరలేదని చెబుతాడు.

మరి ఈ పుస్తకంలో ఏమి చదవాలి? మిలేడీని. ఇంగ్లండులో భర్త సోదరుడు ఆమెను కోటలో బంధించి, ఫెల్టన్ అనే నిష్ఠాపరుడైన యువకుడిని కాపలా పెడతాడు. అతనికి ఆమె గురించి ముందే అన్నీ చెప్పి, నమ్మవద్దని హెచ్చరిస్తాడు. చేతిలో ఆయుధం లేదు, డబ్బు లేదు, సాయం లేదు. ఉన్నవి ఐదు రోజులు. రోజుకో అధ్యాయం చొప్పున, అతను ఏది వింటే కరుగుతాడో పసిగట్టి, ఆమె తన గురించి ఒక కొత్త కథ అల్లి అతనితోనే పూర్తి చేయిస్తుంది. నలుగురు వీరులూ ఆ అధ్యాయాల్లో లేరు, వాళ్లు లేరన్న సంగతి కూడా గుర్తుకు రాదు. చివరికి ఫెల్టన్ పోర్ట్స్‌మత్‌లో బకింగ్‌హామ్ డ్యూక్‌ను పొడుస్తాడు. చరిత్రలో 1628 ఆగస్టు 23న నిజంగా జరిగిన హత్య అది. జీతం బాకీలు, రాని పదోన్నతి, దేశం మీద బెంగ అని చరిత్రకారులు చెప్పే కారణాల వెనక డ్యూమా తన మిలేడీని నిలబెట్టాడు. అందరికీ తెలిసిన సంఘటనకు ఎవరికీ తెలియని కారణం చూపడం ఆయన పద్ధతి.

ఇంకొకటి, ఆ కాగితం. దీన్ని పట్టుకున్నవాడు చేసినది నా ఆజ్ఞతో, రాజ్యం మేలుకోసం చేశాడని రిషెల్యూ సంతకం చేసి మిలేడీకి ఇస్తాడు. అందులో పేరు లేదు, చేసినదేమిటో లేదు. నలుగురిలో ఒకడైన ఏథోస్ పిస్తోలు చూపి దాన్ని లాక్కుంటాడు, అతని నుంచి దార్తన్యాన్‌కు చేరుతుంది. చివరికి రిషెల్యూ దార్తన్యాన్‌ను విచారించడానికి పిలిపిస్తే, అతను అదే కాగితం తీసి రిషెల్యూ చేతిలో పెడతాడు. తన సంతకాన్నే తాను చదువుకున్న ఆ క్షణం కోసం ఎన్ని కత్తియుద్ధాలైనా ఓర్చుకోవచ్చు.

ఈ రుచి మనకు కొత్తదేమీ కాదు. ‘ముద్రారాక్షసం’ నాటకం మొత్తం ఇలాంటి ఒక కాగితం మీదే నడుస్తుంది. నందుల మంత్రి రాక్షసుడి ఉంగరం చాణక్యుడి గూఢచారికి దొరుకుతుంది. ఎవరికో ఎందుకో తెలియకుండా శకటదాసు చేత ఒక ఉత్తరం రాయించి, దానిమీద ఆ ముద్ర వేయించి, సరైన సమయంలో అది రాక్షసుడితో చేతులు కలిపిన మలయకేతువు కంట పడేలా చేస్తారు. కత్తి దూయకుండా కూటమి ముక్కలైపోతుంది. చాణక్యుడికి కావలసింది రాక్షసుడి ప్రాణం కాదు, అతని సేవ. ఫ్రెంచి నవలలు చదివి వచ్చి ఆ నాటకం మళ్లీ చదివితే, విశాఖదత్తుడు తన ప్రేక్షకుడికి మొదటి అంకంలోనే గుట్టు మొత్తం చెప్పేసి, చివరిదాకా కూర్చోబెట్టిన ధైర్యం అర్థమవుతుంది.

‘ది ప్రిజనర్ ఆఫ్ జెండా’ గురించి మీ ఫిర్యాదుతో మాత్రం నేను తగువు పెట్టుకుంటాను. ఆంథనీ హోప్ వృత్తిరీత్యా లాయరు. 1893 చివర్లో ఒక కేసు గెలిచి కోర్టు నుంచి నడిచి వస్తుండగా ఆలోచన తట్టిందని తానే చెప్పుకున్నాడు. నెల రోజుల్లో చిత్తుప్రతి పూర్తిచేశాడు, 1894లో పుస్తకం వచ్చింది. అందులో కోర్టు బుర్ర కనిపిస్తుంది. పట్టాభిషేకం ముందురోజు రాత్రి రాజుకు మత్తు పెడతారు. అచ్చం రాజులా ఉండే ఇంగ్లిషువాడు రూడాల్ఫ్ అతని స్థానంలో కిరీటం పెట్టుకుంటాడు. ఈలోగా రాజు తమ్ముడు మైఖేల్ అసలు రాజును ఎత్తుకుపోతాడు. ఇప్పుడు చూడండి: సింహాసనం మీద ఉన్నది నకిలీ అని మైఖేల్‌కు తెలుసు, కానీ చెప్పలేడు. చెబితే అసలు రాజు ఏడని అడుగుతారు. అసలు రాజు ఎవరి చెరలో ఉన్నాడో రూడాల్ఫ్‌కు తెలుసు, అతనూ చెప్పలేడు. చెబితే నువ్వెవరని అడుగుతారు. ఇద్దరూ జనం ముందు చిరునవ్వులతో చేతులు కలుపుకుంటారు. గుట్టు రెండు పక్కలా ఉండి, రెండు నోళ్లూ కట్టుబడిపోయిన ఇంత చక్కని ముడిని ఇంత చిన్న పుస్తకంలో నేను మరెక్కడా చూడలేదు.

ముగింపు మింగుడు పడకపోవడానికి మన జానపద సినిమాలు కొంత కారణం కావచ్చు. అక్కడ మారువేషం వేసినవాడే చివరికి రాకుమారిని పెళ్లాడతాడు. ఇక్కడ గుట్టు తెలియని మనిషి రాకుమారి ఫ్లావియా ఒక్కతే. ఆమె ప్రేమించింది రాజును కాదు, రాజు వేషంలో ఉన్నవాణ్ణి. నిజం తెలిశాక ఆమె రాజ్యం పక్షాన నిలుస్తుంది, రూడాల్ఫ్‌కు మిగిలేది ఏడాదికోసారి డ్రెస్డెన్‌లో ఒక మిత్రుడి చేతిమీదుగా అందే ఎర్ర గులాబి. అతను రాజై ఆమెను పెళ్లాడితే మైఖేల్‌కూ అతనికీ తేడా ఏమిటి? బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ ఈ కథను మన దేశపు కల్పిత సంస్థానంలోకి తెచ్చి ‘ఝిందేర్ బందీ’ రాశాడు, పేరులోనే రుణం ఒప్పుకున్నాడు. 1961లో తపన్ సిన్హా దాన్ని సినిమా తీశాడు. ఉత్తమ్ కుమార్ రెండు పాత్రల్లోనూ ఉన్నాడు, కొంటె విలన్ మయూరవాహనుడిగా సౌమిత్ర ఛటర్జీ ఉన్నాడు. సౌమిత్రను ఆ వేషంలో చూడటానికైనా దాన్ని వెతికి పట్టుకోండి.

థర్టీ నైన్ స్టెప్స్‌లో కాకతాళీయాలు లెక్కకు మించి ఉన్నాయి, కాదనను. 1914లో జాన్ బకన్ కడుపులో పుండుతో మంచాన పడి, పొద్దుపోక రాసుకున్న చిన్న పుస్తకమిది. ఘటనలు నమ్మశక్యానికి అవతల, సాధ్యానికి ఇవతల నడిచే రకం కథ రాశానని అంకితంలోనే చెప్పుకున్నాడు. అయినా అన్ని కాకతాళీయాలనూ ఒకే గాటన కట్టకండి. పోలీసుల నుంచి పారిపోతున్న కథానాయకుడు హానే, స్కాట్లండు కొండల్లో ఆశ్రయం అడిగిన ఇల్లు సరిగ్గా శత్రువు ఇల్లే కావడం నాకు సమ్మతమే, దానివల్ల అతను ఇంకా లోతుగా ఇరుక్కున్నాడు. అతణ్ణి బంధించిన కొట్టులో పేలుడు మందు ఉండటం, అతను గనుల ఇంజనీరే కావడం మాత్రం బద్ధకం. నా బల్ల మీదికి అలాంటి భాగం వస్తే రచయితకు తిప్పి పంపేవాణ్ణి. మొదట్లో హానేకు కుట్ర సంగతి చెప్పే స్కడర్ నోట వచ్చే యూదుల మీది మాటలు కూడా చేదుగానే ఉంటాయి. తర్వాత మరో పాత్ర చేత వాటిని అతని పిచ్చి కింద కొట్టేయించాడు కానీ, ఆ మచ్చ పోలేదు.

మీరు దాటేసిన మంచి చోటు చివర్లో ఉంది. సముద్రం ఒడ్డున ఒక విల్లా. అందులో ముగ్గురు ఇంగ్లిషు పెద్దమనుషులు టెన్నిస్ ఆడుతున్నారు, భోజనం చేస్తున్నారు, పేకాటకు కూర్చున్నారు. వీళ్లే గూఢచారులని హానే అరెస్టు చేయడానికి వచ్చాడు. వాళ్లు నొచ్చుకుంటారు, నవ్వుతారు, నాలుగో చేయిగా కూర్చోమంటారు. హానే పేకముక్కలు పట్టుకుని కూర్చుని, తాను పొరబడ్డానేమోనని చెమటలు పోసుకుంటాడు. వేషం, గడ్డం, రంగు ఏమీ లేవు. మామూలు మనుషుల్లా ఉండటమే వాళ్ల వేషం. ఒకడు ఆలోచిస్తూ మోకాలి మీద వేళ్లతో తాటించగానే పాత జ్ఞాపకం కదిలి గుట్టు బయటపడుతుంది. తర్వాతి కాలపు గూఢచారి నవలలు చాలావరకు ఈ గదిలోంచే పుట్టాయని నా అభిప్రాయం.

ఇకముందు చదవాల్సినవి. ముందుగా స్టీవెన్సన్ ‘కిడ్నాప్డ్’, 1886. ఆయన ‘ట్రెజర్ ఐలండ్’ను నండూరి రామమోహనరావు గారి ‘కాంచన ద్వీపం’గా చిన్నప్పుడే చదివి ఉంటే ఆ చెయ్యి మీకు పరిచయమే. ఇది దానికంటే పెద్దవాళ్ల పుస్తకం. 1752లో స్కాట్లండులోని అపిన్ ప్రాంతంలో ప్రభుత్వం తరఫున భూములు చూసే కోలిన్ కాంప్‌బెల్‌ను ఎవరో చాటునుంచి కాల్చి చంపారు. ఆ నేరానికి జేమ్స్ స్టూవర్ట్‌ను ఉరితీశారు. అతను కాల్చలేదని దాదాపు అందరి నమ్మకం. స్టీవెన్సన్ ఆ హత్యను ఒక ఏడాది వెనక్కి, 1751కి జరిపి, డేవిడ్ అనే కుర్రాడి కళ్లముందు జరిపించి, తుపాకీ పేల్చినవాడి పేరు మాత్రం చెప్పకుండా వదిలేశాడు. మాంటీ క్రిస్టోలో ఫరియా అధ్యాయం నచ్చినవారికి ఈ మౌనం కూడా నచ్చాలి.

రెండోది అర్స్కిన్ చిల్డర్స్ రాసిన ‘ది రిడిల్ ఆఫ్ ది శాండ్స్’, 1903. నెమ్మదిగా నడుస్తుంది, ముందే చెబుతున్నాను. జర్మనీ తీరంలో ఫ్రీసియన్ దీవుల వెనక, ఆటు వచ్చినప్పుడు ఇసుక తేలి, పోటు వచ్చినప్పుడు మునిగిపోయే నీళ్లలో ఇద్దరు యువకులు చిన్న పడవ వేసుకుని తిరుగుతుంటారు. మ్యాపులు పక్కన పెట్టుకుని చదవాలి. ఇక్కడ గుట్టు ఏ మనిషి దగ్గరా లేదు, ఆ ఇసుక తిన్నెల్లో ఉంది. పొగమంచులో దిక్సూచి చూస్తూ తెడ్లు వేసుకుపోయే అధ్యాయం కోసం మొదటి వంద పేజీలు ఓర్చుకోండి. రాసినవాడి జీవితం ఇంకో నవల: ఇంగ్లండు రక్షణ కోసం తపించి ఈ పుస్తకం రాసినవాడు, 1914లో తన పడవలోనే ఐరిష్ స్వచ్ఛంద దళాలకు తుపాకులు చేరవేశాడు. 1922లో ఐర్లండు అంతర్యుద్ధంలో కొత్త ఐరిష్ ప్రభుత్వమే ఆయన్ను కాల్చి చంపింది. ఆయన కొడుకు 1973లో ఆ దేశాధ్యక్షుడయ్యాడు.

మూడోది కిప్లింగ్ ‘కిమ్’, 1901. దీన్ని కోపం లేకుండా చదవమని చెప్పను. 1857 తిరుగుబాటును ఒక పిచ్చి కింద తోసిపారేసే ముసలి సిపాయి ఉన్నాడు కానీ, ఇంగ్లిషువాళ్ల పాలన మీద గట్టిగా సందేహం ఎత్తే భారతీయుడు ఆ పుస్తకంలో కనిపించడు. అయినా అందులోని గూఢచర్యానికి అసలు ముడిసరుకు మనవాళ్లే. సర్వే శాఖ తరఫున నైన్ సింగ్ రావత్ వంటివారు యాత్రికుల వేషంలో టిబెట్ వెళ్లి, నూట ఎనిమిది పూసలకు బదులు వంద పూసలున్న జపమాలతో అడుగులు లెక్కించి, ప్రార్థన చక్రంలో కాగితాలు దాచి దూరాలు కొలిచారు. నవలలో నవ్వు పుట్టించడానికి పెట్టినట్టుండే హరీబాబు ఆ కోవలోనివాడే. అతణ్ణి జాగ్రత్తగా చూడండి, ఆఖర్లో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అతనేనని తేలుతుంది. కిప్లింగ్‌తో మనసు చికాకైతే విరుగుడుగా జూల్ వెర్న్ ‘మిస్టీరియస్ ఐలండ్’ అందుకోండి. జలాంతర్గామి నాయకుడు నెమో ఎవరో అందులో బయటపడుతుంది: 1857లో ఇంగ్లిషువాళ్లతో పోరాడి సర్వం కోల్పోయిన బుందేల్‌ఖండ్ రాకుమారుడు.

ఈ నాలుగింటినీ వరసగా ఒకే వేసవిలో మాత్రం తోసెయ్యకండి. ఇవి చాలావరకు పత్రికల్లో విడతలుగా వచ్చినవి లేదా ఆ అలవాటున్నవాళ్లు రాసినవి. మాంటీ క్రిస్టో తొలి పాఠకులు 1844 ఆగస్టు నుంచి 1846 జనవరి దాకా ఎదురుచూస్తూ చదివారు, మధ్యలో నెలల తరబడి ఆగింది కూడా. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘రాకాసిలోయ’ను నెలనెలా చదివినవాళ్లను అడిగి చూడండి, అదే కథను పుస్తకంగా ఒక్క బిగిన చదివితే ఎందుకు వేరుగా అనిపిస్తుందో చెబుతారు. రోజుకు రెండు అధ్యాయాలు చాలు.

‘కిడ్నాప్డ్’ మొదలుపెట్టే ముందు, మస్కటీర్లలో మిలేడీ చెరలో ఉన్న ఆ ఐదు రోజుల అధ్యాయాలు ఒకసారి తిరగేయండి. ఫెల్టన్ ఏ రోజున, ఏ మాటకు ఆమె పక్షం అయిపోయాడో గుర్తుపెట్టుకుని ఇక్కడే రాయండి. నా ఓటు మూడో రోజుకు, కానీ నాలుగో రోజని వాదించేవాళ్లూ ఉన్నారు.